పసిగుండెకు కాలమే రక్ష

(అన్నదాన వార్షికోత్సవ సభలో ఒక మాతృమూర్తి చేసిన ప్రసంగ పాఠం)

 

నేను వైద్యురాలిని కాను. పుట్టుకతోనే గుండెలో రంధ్రమున్న బిడ్డకు తల్లిని. ఆ అనుభవంతోనే కొన్ని మాటలు విన్నవించుకుంటున్నాను.

మొదటి మాట: ఈ వ్యాధి ఎవరి పాపఫలమూ కాదు. మా అమ్మాయికి జబ్బని తెలిసిననాడు, “గ్రహణంవేళ బయట తిరిగావా?” అని నన్నడిగినవారే ఎక్కువ. పుట్టే ప్రతి వెయ్యిమంది శిశువులలో ఇంచుమించు ఎనిమిదిమందికి హృదయలోపం ఉంటుంది. గర్భస్థ శిశువు గుండె తొలి ఎనిమిది వారాలలోనే రూపుదిద్దుకుంటుంది. తల్లి మధుమేహం, రుబెల్లా వంటి కారణాలు కొన్ని ఉన్నా, అధికశాతం బిడ్డల విషయంలో ఇదీ కారణమని వైద్యులే చెప్పలేరు. కారణమే తెలియనిచోట కన్నతల్లిని దోషిగా నిలబెట్టడం ధర్మం కాదు.

రెండవ మాట: కాలయాపన తగదు. పాలు తాగుతూ చెమటలు పట్టడం, ఆయాసంతో మధ్యలోనే ఆపివేయడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ నెమ్ము చేయడం, పెదవులు నీలివర్ణం దాల్చడం కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించాలి. చిన్న రంధ్రాలు అనేకం వాటంతటవే పూడిపోతాయి. పెద్దవాటిని ఉపేక్షిస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలలో ఒత్తిడి పెరిగి, కొన్నేళ్లకు శస్త్రచికిత్సకే వీలులేని స్థితి రావచ్చు. “మొక్కు తీరాక చూద్దాం” అనుకునే ఇళ్లు నేటికీ ఉన్నాయి. స్వామి మొక్కుకు గడువు పెట్టడు, వ్యాధి పెడుతుంది. చికిత్స ముగిశాక బిడ్డను చంకనెత్తుకుని వచ్చి తలనీలాలు సమర్పించుకోవచ్చు.

ధనాభావంతో వెనుకాడవద్దు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీలో పసివారి గుండె శస్త్రచికిత్సలున్నాయి. 2021 అక్టోబరులో తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం వెలసింది.

మూడవ మాట: చికిత్సానంతరం బిడ్డను గాజుబొమ్మను చేయకండి. ఏ ఆటలు ఆడవచ్చునో వైద్యులనడిగి, ఆడనివ్వండి. పళ్లు శుభ్రంగా ఉంచండి. నోటిలోని సూక్ష్మజీవులు రక్తంలో చేరి గుండెకు సోకే ప్రమాదముంది. ఇంట్లో ఉన్న రెండవ బిడ్డకూ మీ ఒడిలో చోటివ్వండి.

దాతలారా! శస్త్రచికిత్స ఉచితమైనా, ఆసుపత్రి వాకిట కాచుకున్న తల్లిదండ్రులకు ఆ రోజుల కూలి పోతుంది. దారిఖర్చు, బస, పట్టెడన్నం వారికి కొండంత భారం. ఆ భారంలో పాలుపంచుకోవడం మాధవసేవయే.

సర్వే జనాః సుఖినో భవంతు.