ప్లౌ లేన్: ఒక క్లబ్బు, ఒక మైదానము

వింబుల్డన్ అనగానే మన శ్రోతలలో చాలమందికి టెన్నిసు స్ఫురించును. 1877లో ప్రారంభమైన ఆ పోటీల మూలముననే దక్షిణ లండనులోని ఆ పేట పేరు లోకమంతట తెలిసినది. ఆ ప్రాంతముననే ప్లౌ లేన్ అను వీథి కలదు. నేడు మేము చెప్పదలచినది ఆ వీథిలోని ఫుట్‌బాలు మైదానమును గూర్చియు, దానిని పోగొట్టుకొని 29 ఏండ్ల తరువాత మరల ఆ వీథికి చేరుకొన్న ఒక క్లబ్బును గూర్చియు. ఈ కథలో ఒక చిక్కు ప్రశ్న ఇమిడియున్నది. క్లబ్బు అనగా ఏది? రిజిస్టరులోని పేరా, వాటాలు కొన్న యజమానియా, లేక ప్రతి శనివారము వానలో నిలుచుండి గొంతు పోవునట్లు కేకలు వేసిన జనమా?

1889లో సెంట్రల్ పాఠశాల పూర్వవిద్యార్థులు కొందరు చేరి ‘వింబుల్డన్ ఓల్డ్ సెంట్రల్స్’ అను జట్టును కూర్చుకొన్నారు. వారికి సొంత స్థలము లేదు. వింబుల్డన్ కామన్ అను ఊరుమ్మడి బయలులో ఆడుచు, చేరువనున్న ఒక పానశాలలో దుస్తులు మార్చుకొనెడివారు. 1905లో పేరును వింబుల్డన్ అని కుదించుకొన్నారు. 1912లో ప్లౌ లేన్‌లో, వాండిల్ అను చిన్న నదికి సమీపమున, ఎవరికిని అక్కరకు రాని చిత్తడి నేల దొరకగా దానినే ఆటకు అనువుగ దిద్దుకొన్నారు.

తరువాత చాలకాలము వారు జీతములెరుగని ఆటగాండ్రుగనే ఉండిరి. 1963లో అమెచ్యూరు కప్పు తుదిపోటీలో సట్టన్ యునైటెడ్‌పై 4-2 గోళ్లతో గెలిచినారు. ఆ నాలుగు గోళ్లును ఎడ్డీ రెనాల్డ్స్ అను ఒక్కడే, అదియును తలతో కొట్టినవే! 1975లో, లీగులో ఇంకను చోటు లేని ఈ జట్టు ఎఫ్.ఎ. కప్పులో మొదటి డివిజనుకు చెందిన బర్న్‌లీని వారి మైదానముననే ఓడించినది. పిమ్మట ఛాంపియనులైన లీడ్స్ వారితో ఆడినప్పుడు గోలుకీపరు డిక్కీ గై పెనాల్టీని ఆపి ఆటను సమము చేసినాడు. మరల ఆడిన ఆటలో ఒక్క గోలుతో ఓడినను, దేశమంతటికి ఆ పేరు పరిచయమైనది. ఈ డిక్కీ గై పేరును శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. తరువాత అవసరపడును.

ఆ దినములలో లీగులో ప్రవేశము సభ్యక్లబ్బుల వోట్లపై ఆధారపడియుండెను. 1977లో వింబుల్డన్‌కు ఆ వోట్లు లభించినవి. తొమ్మిదేండ్లలో, అనగా 1986లో, వారు మొదటి డివిజనుకు ఎక్కినారు. వారి ఆటలో సొగసు లేదని, బంతిని బలముగ ముందుకు తన్ని దాని వెంట పరుగెత్తుటయే వారి విద్య అని విమర్శకులు ఎత్తిపొడిచిరి. అందులో కొంత నిజమున్నది. అయినను 1988 మే 14న వెంబ్లీలో, ఆ సంవత్సరపు లీగు విజేతయైన లివర్‌పూల్‌ను 1-0తో ఓడించి ఎఫ్.ఎ. కప్పు గెలిచినది ఆ జట్టే. లారీ సాంచెజ్ తలతో గోలు చేసినాడు. రెండవ భాగములో లివర్‌పూల్‌కు పెనాల్టీ దొరకినది. వ్యాఖ్యానము చెప్పు వృత్తిలోనున్న మాకు, పెనాల్టీకి ముందటి ఆ నాలుగు క్షణములు నింపుటకంటె కష్టమైన పని లేదు. జాన్ ఆల్డ్రిడ్జ్ కొట్టిన బంతిని గోలుకీపరు డేవ్ బీసంట్ ఎడమప్రక్కకు దూకి త్రోసివేసినాడు. వెంబ్లీలో జరిగిన కప్పు తుదిపోటీలలో పెనాల్టీ ఆపబడుట అదే ప్రథమము.

మరుసటి ఏప్రిలులో హిల్స్‌బరో మైదానమున త్రొక్కిడి జరిగి, లివర్‌పూల్ అభిమానులు అసువులు బాసినారు. మృతుల సంఖ్య కాలక్రమమున 97కు చేరినది. 1990లో న్యాయమూర్తి టేలర్ నివేదిక వెలువడి, పెద్ద డివిజనుల మైదానములలో ప్రతి ప్రేక్షకునికి కుర్చీ ఉండవలెనని నిర్దేశించినది. అది మంచి నిర్ణయము, అవసరమైన నిర్ణయము. కాని ప్లౌ లేన్ వంటి పాత ఇరుకు మైదానమునకు అది గొడ్డలిపెట్టైనది. 1991 మేలో అక్కడ ఆఖరి లీగు ఆట ఆడి, క్లబ్బు సెల్‌హర్స్ట్ పార్కులో క్రిస్టల్ పాలెస్ వారికి అద్దెకుండుటకు పోయినది. తాత్కాలికమనుకొన్న ఏర్పాటు పండ్రెండేండ్లు సాగినది.

అద్దె యింటిలో అభిమానులు పలుచబడిరి, నష్టములు పెరిగినవి. జట్టును డబ్లిన్‌కు తరలించు ఆలోచన కొంతకాలము నడచినది. 2000లో, కప్పు గెలిచిన దినమునకు సరిగా పండ్రెండేండ్లకు, మే 14ననే జట్టు పై డివిజను నుండి జారిపోయినది. అప్పుడు యజమానులు లండనుకు వాయవ్యమున సుమారు 50 మైళ్ల దూరములోనున్న మిల్టన్ కీన్స్ అను కొత్త పట్టణమును చూపినారు. 2002 మే 28న ముగ్గురు సభ్యుల విచారణ సంఘము ఇద్దరి మాటపై అందుకు అనుమతించినది. అభిమానులు వేరుగ క్లబ్బు పెట్టుకొనుట ఫుట్‌బాలు విశాల ప్రయోజనములకు అనుకూలము కాదను భావము కూడ ఆ నివేదికలో కలదు.

యజమానుల వాదములో బలము లేదని మేమనము. సొంత మైదానము లేని సంస్థ, నిత్యము నష్టము. ఎక్కడికో పోయి బ్రతుకవలెను. మిల్టన్ కీన్స్ బాలురకు ఒక జట్టు కావలెననుటయు తప్పు కాదు. అయితే వింబుల్డన్ జనము చెప్పినది వేరు. దుకాణము ఊరు మారవచ్చును. ఊరి పేరు పెట్టుకొన్న జట్టు ఊరు మారినచో మిగులునదేమి?

వారు మాటతో ఆగలేదు. కొలది వారములలో ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అను కొత్త క్లబ్బును స్థాపించినారు. ఆటగాండ్ర కొరకు జూనులో వింబుల్డన్ కామన్‌లో బహిరంగ పరీక్ష పెట్టగా 230 మంది వచ్చినారు. పూర్వులు 1889లో ఆడిన బయలే అది. మొదటి స్నేహపూర్వక ఆటలో సట్టన్ చేతిలో 4-0తో ఓడినారు. చూడవచ్చినవారు 4,657 మంది! స్థానికమైన కంబైన్డ్ కౌంటీస్ లీగులో మొదలుపెట్టి, 2003-04 మధ్యకాలములో వరుసగా 78 లీగు ఆటలలో ఓటమి ఎరుగక నిలిచినారు. తొమ్మిది ఋతువులలో ఐదుమారులు పై మెట్టెక్కి, 2011 మేలో లూటన్‌ను పెనాల్టీలతో గెలిచి ఫుట్‌బాల్ లీగులో ప్రవేశించినారు. పూర్వము పెనాల్టీ ఆపిన ఆ డిక్కీ గై ఈ క్లబ్బుకు అధ్యక్షుడైనాడు.

పాత క్లబ్బు 2003లో మిల్టన్ కీన్స్ చేరి, మరుసటి సంవత్సరము పేరు మార్చుకొన్నది. 2007లో పాత బహుమతులును, చరిత్రయు వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరోకు అప్పగించబడినవి. రెండు జట్లు తొలిసారి తలపడినది 2012 డిసెంబరులో. అందు మిల్టన్ కీన్స్ 2-1తో గెలిచినది. కథలలోవలె ఆట నడువదు గదా!

పాత ప్లౌ లేన్ కూల్చివేయబడి, అక్కడ నివాసగృహములు లేచినవి. ఆ భవనములకు పాత ఆటగాండ్ర పేర్లు పెట్టినారు. రెనాల్డ్స్, సాంచెజ్ పేర్లు వానిలో కలవు. కొత్త మైదానము అదే వీథిలో, కూతవేటు దూరమున, వేటకుక్కల పందెములు జరిగిన పూర్వపు స్థలములో వెలసినది. ధనము చాలనప్పుడు అభిమానులు బాండ్లు కొని యాబది లక్షల పౌండ్లకు పైగా సమకూర్చినారు. 2020 నవంబరు 3న డాంకాస్టరుతో మొదటి ఆట 2-2గ ముగిసినది. 29 ఏండ్లు ఎదురుచూచినవారిలో ఒక్కరును ఆనాడు లోపల కూర్చుండలేదు. కోవిడ్ మహమ్మారి నిబంధనల వలన కుర్చీలన్నియు ఖాళీ. ఇంటి తలుపు తెరచి, గడపలోనే నిలిపివేసినట్లయినది.

2024 సెప్టెంబరులో వాండిల్ నది పొంగి మైదానమును ముంచివేసినది. పచ్చిక క్రింద నేల కుంగి గుంత పడినది. న్యూకాసిల్‌తో అక్కడ జరుగవలసిన కప్పు ఆటను న్యూకాసిల్‌కే మార్చవలసి వచ్చినది. ఆ వీథిలోని చిత్తడి నేల తన స్వభావమును మరువలేదన్నమాట. అభిమానులు మరల చందాలు పోగుచేసినారు, నేలను బాగుచేసినారు. ఆ ఋతువు ముగియునప్పటికి, 2025 మేలో వెంబ్లీలో వాల్‌సాల్‌పై 1-0తో గెలిచి, జట్టు మరియొక మెట్టు పైకెక్కినది.