చెరువులోకి గుర్రపు డెక్కను రానీయకండి



గణపురం గణపసముద్రం, బయ్యారం పెద్దచెరువు కాకతీయుల కాలం నాటివి. అంతటి చెరువునైనా దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపు డెక్క కప్పివేయగలదు. దాని ఊదా పూలు చూచి మురిసిపోకండి. అనువైన నీటిలో 2 వారాలకే రెట్టింపవుతుంది. నీటికి గాలి, వెలుతురు తగలనీయదు. చేపలు ఊపిరాడక చస్తాయి. తూముకు అడ్డుపడితే పొలానికి నీరు పారదు. పడిన గింజ బురదలో ఏళ్ళ తరబడి బ్రతికే ఉంటుంది.

కనుక మొదటి మొక్క కనిపించిననాడే మేలుకోవాలి. వేరే చెరువులో వాడిన వలను దులిపి, ఎండబెట్టి దించండి. పూత రాకముందే మొక్కను వేళ్ళతో తీసి, వరద తగలని మెరకన ఎండవేయండి. మత్తడి దిగువన పారవేస్తిరా, కింది ఊరి చెరువుకు పంపినట్లే!

ఆయకట్టు రైతులు, వలల వారు వంతులు వేసుకొని చూడండి. నీరు అందరిదైనప్పుడు కాపలా ఒక్కరిదెట్లా అవుతుంది?