చెన్నపట్టణపు పురావస్తుశాలకు యాత్ర



అమరావతి శిల్పములు ఆంధ్రుల పూర్వుల చేతిపని. అయినను వానిలో పెద్ద భాగమును చూడగోరు అప్పనపల్లి వాసి వైనతేయ తీరమును విడిచి, చెన్నపట్టణమునందలి ఎగ్మూరునకు పోవలసియున్నది.

ఇట్లేల జరిగినది? కృష్ణాతీరమున మహాస్తూపము దిబ్బయై పడియుండగా, 18వ శతాబ్ది చివర ఇండ్లు కట్టుకొనుటకై జనులు దానిని త్రవ్విరి. ఆ శిలలు కొన్ని గోడలలో చేరినవి. కొన్ని సున్నపుబట్టీలలో కాలిపోయినవి. మెకంజీ దొర 1797లో వానిని చూచి, 1816లో మరల వచ్చి చిత్రములు వ్రాయించెను. 1845లో ఎలియట్ దొర త్రవ్వించినవి చెన్నపట్టణము చేరినవి. వానిలో అనేకము పిమ్మట లండనుకు తరలినవి.

ఎగ్మూరు శాల 1851లో ఏర్పడినది. శుక్రవారము దానికి సెలవు. కావున రాజమహేంద్రవరమున గురువారము రాత్రి రైలెక్కరాదు. ప్రయాణమునకు ముందు గ్రంథాలయమున కూర్చుండి బుద్ధచరిత్రము చదువవలెను. ఆ శిలలలో పలుచోట్ల బుద్ధుని రూపముండదు. ఖాళీ ఆసనము, పాదముద్రలు, బోధివృక్షము మాత్రమే యుండును. కథ తెలియనివానికి అవి వట్టి రాళ్లు. ఉదయమంతయు అమరావతి శాలకే వినియోగించి, కంచు విగ్రహములను, నాణెములను మధ్యాహ్నము చూచుట మేలు. అన్నియు చూడబోయినవాడు ఏదియు చూడడు.

తిరిగివచ్చినవారు చూచినది ఈ గ్రంథాలయముననే పదిమందికి చెప్పవలెను. రేపు ఏ రైతు గునపమునకైన చెక్కిన రాయి తగిలినచో, దానిని పునాదిలో వేయక తహశీలుదారునకు తెలుపవలెను. యాత్రాఫలము అదియే.