సర్వీసు రిజిస్టరు నుండి కంప్యూటరుకు

చిత్రగుప్తుని చిట్టాలో తప్పు దొరలదని పెద్దల నమ్మకము. మనుష్యులు వ్రాయు చిట్టాకు అట్టి హామీ లేదు. అందుచేతనే ప్రభుత్వోద్యోగి సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీని అంకెలలోను, అక్షరములలోను గూడ వ్రాయుదురు. ఏటేటా ఆ పుస్తకమును ఉద్యోగికి చూపి సంతకము తీసికొనవలెనని నియమము. ఇది చాదస్తము కాదు. ఇంక్రిమెంటు మొదలు పెన్షను వరకు, ఉద్యోగి మరణించినచో అతని కుటుంబమునకు చెందవలసిన సొమ్ము వరకు సమస్తమును ఆ పుటలపై ఆధారపడి యున్నది.

నేడు ఈ వివరములు కంప్యూటరులోనికి చేరుచున్నవి. మన రైల్వేలు 2020 నవంబరులో సిబ్బంది వివరముల వ్యవస్థను ప్రారంభించినవి. మార్పు మంచిదే. కాని అట్టి వ్యవస్థను నిర్మించువారు కెనడా దేశపు అనుభవమును మరువరాదు.

కెనడా ప్రభుత్వము 2016 ఫిబ్రవరిలో ‘ఫీనిక్స్’ అను జీతముల వ్యవస్థను ప్రవేశపెట్టినది. ఏటా 7 కోట్ల డాలర్లు ఆదా యగునని అంచనా. జీతముల లెక్కలు తెలిసిన సుమారు 1,200 ఉద్యోగములను వివిధ శాఖలలో రద్దు చేసి, మిరమిషి పట్టణములోని కేంద్రమున దాదాపు 550 మందిని నియమించిరి. ముందుగ ఒక శాఖలో నడిపి చూడవలెనను యోచనను విడిచిపెట్టిరి. ఫలితముగ కొందరికి జీతము తక్కువగ వచ్చినది. కొందరికి బొత్తిగా రాలేదు. మరికొందరికి ఎక్కువ వచ్చి, పిదప తిరిగి చెల్లింపవలసి వచ్చినది. 2017 జూను నాటికి ఇట్లు పరిష్కారము కాని సొమ్ము 52 కోట్ల డాలర్లకు మించినది.

కనుక మొదట ఆలోచింపవలసినది యంత్రమును గూర్చి కాదు. ఈ వ్యవస్థ ఏ ప్రశ్నలకు జవాబు చెప్పవలెను? ఈ సంవత్సరము పదవీ విరమణ చేయువారెవరు? ఖాళీలెన్ని? ఎవరికెంత సెలవు మిగిలినది? ప్రశ్నలు తేలిన పిమ్మటనే ఏ వివరములు సేకరింపవలెనో తేలును. ఒక్కొక్క వివరమును ఒక్క చోటనే నమోదు చేయవలెను, దానికొక బాధ్యుడుండవలెను.

పేరునే తీసికొందము. ఇంటి పేరు ముందు వ్రాయుట మన అలవాటు. ‘మొదటి పేరు, చివరి పేరు’ అని గడులు గీచిన పత్రములో మన పేరు తలక్రిందులగును. మేమెరిగిన ఒక కార్యాలయములో ఉద్యోగి పేరు రిజిస్టరులో ఒక తీరున, బ్యాంకులో వేరొక తీరున ఉండుటచే, ఆయన భార్యకు కుటుంబ పెన్షను ఏడు నెలలు ఆగినది. తప్పు యంత్రముది కాదు, గడులు గీచినవారిది.

పాత రిజిస్టరును సరిచూడకుండ ఎక్కించినచో పాత తప్పులే క్రొత్త వేగముతో తిరుగును. ఎక్కించిన వివరములను ఉద్యోగికి చూపి, దిద్దుకొను అవకాశ మీయవలెను. రెండు మూడు నెలలు పాత బిల్లును, క్రొత్త బిల్లును ప్రక్కప్రక్కన వేసి పోల్చవలెను. వ్యాధి, బ్యాంకు ఖాతా వంటి వివరములు ఎవరు చూడవచ్చునో ముందే నిర్ణయింపవలెను. అన్నిటికంటె ముఖ్యము: లెక్క తెలిసిన గుమాస్తాను పని కుదుటపడువరకైనను పంపివేయరాదు. నియమములు పుస్తకములో నున్నవి. వాని మెలకువలు ఆయన యొద్ద నున్నవి.

కాగితము పోయినను, ఏటేటా ఉద్యోగికి చూపి సంతకము తీసికొను ఆ పాత నియమము మాత్రము పోరాదని మా మనవి.