నాచు చేసే పని - నేను చేసిన తప్పు

(బిచ్కుందలో డిసెంబరు 17న జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన 1982 డిసెంబరు 17ను మనం ఏటా ఇలా కలిసి తలుచుకుంటున్నాం. డి.ఎ. గురించీ, వైద్య ఖర్చుల గురించీ నాకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసిందంతా చెప్పారు. కార్యదర్శి గారు నాతో “వ్యవసాయ శాఖలో పనిచేశారు గదా, అందరికీ పనికొచ్చేది ఏదైనా చెప్పండి” అన్నారు. నాచు గురించి చెబుతానన్నాను. ఆయన ఒక నిమిషం నా ముఖం చూసి, “బావి మెట్ల మీది నాచేనా?” అని అడిగారు. అదేనండి. కాలు జారుతుందని మనం భయపడే ఆ నాచే. ఈ వయసులో జారితే తుంటి ఎముక సంగతేమిటో ఈ సభలో కొందరికి స్వానుభవం కూడాను.

మన దిక్కు పాకురు అంటాం, పాచి అంటాం. పుస్తకాల్లో శైవలాలు అని రాస్తారు. కంటికి ఆనని ఒంటి కణం మొదలు, సముద్రంలో కొబ్బరి చెట్టును మించి పొడవు పెరిగే గోధుమరంగు మొక్కల వరకు అన్నీ ఈ మాట కిందికే వస్తాయి. అందులో ఒక రకంతో నాకు ఉద్యోగ రీత్యా సంబంధం ఏర్పడింది. ఆ సంబంధంలో నేనొక తప్పు చేశాను. దాన్ని ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు. ఈ రోజు చెప్పదలచుకున్నాను.

మన బిచ్కుంద చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. పత్తి, సోయా, కంది, మినుము మన పంటలు. అయినా మంజీర ఒడ్డునా, బోర్ల కిందా వరి వేసేవారున్నారు. ఇక నిజాంసాగర్ 1931లో పూర్తయింది మొదలు దాని ఆయకట్టులో వరి, చెరకే గదా. నాటు వేసిన మడిలో పది రోజులకు నీటి మీద పచ్చగానో, నీలంగానో ఒక తెట్టు కడుతుంది. అందులో నీలి ఆకుపచ్చ నాచు అనేది ఒకటి ఉంటుంది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు దాన్ని బాక్టీరియా వర్గంలో లెక్కిస్తున్నారు. మన పనికి ఆ తేడా అడ్డు రాదు.

గాలిలో ముప్పాతిక పాలు నత్రజనే. కానీ వరి మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. ఈ నాచు తీసుకోగలదు. పూసల దండలాగా ఉండే దాని పోగులో అక్కడక్కడా ఒక మందపాటి గోడ కణం ఉంటుంది. ఆక్సిజన్ లోపలికి రాకుండా ఆ గోడ కాపలా కాస్తే, లోపల నత్రజని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుతుంది. యూరియా ఫ్యాక్టరీకి గ్యాసు కావాలి, విపరీతమైన వేడి కావాలి, ఒత్తిడి కావాలి. దీనికి ఎండా, మోకాటి లోతు కూడా లేని నీళ్లూ చాలు.

ఎరువు వేయకుండానే ఏళ్ల తరబడి వరి పండే మళ్లల్లో నత్రజని ఎక్కడి నుంచి వస్తున్నదో 1939లో పి.కె. డే అనే మన శాస్త్రజ్ఞుడు తేల్చి చెప్పారు. ఆ తరువాత ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో జి.ఎస్. వెంకటరామన్ గారు దీన్ని రైతు ఇంటి దగ్గరే పెంచుకునే పద్ధతి రూపొందించారు. ఆరడుగుల రేకు తొట్టి, పది కిలోల మట్టి, 200 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు, నీళ్లు, పైన చల్లడానికి కొంత విత్తన నాచు. ఎండాకాలంలో వారం పది రోజులకు మందంగా తెట్టు కడుతుంది. నీరు ఆరిపోగానే అప్పడాల్లా పెచ్చులు లేస్తాయి. వాటిని ఎండబెట్టి దాచుకుని, నాటు వేసిన వారం పది రోజులకు హెక్టారుకు పది కిలోలు, అంటే ఎకరానికి నాలుగు కిలోలు, మడిలో నిలిచిన నీటి మీద చల్లాలి. అన్నీ అనుకూలిస్తే హెక్టారుకు 20 నుంచి 30 కిలోల నత్రజని దక్కుతుంది. ఈ “అన్నీ అనుకూలిస్తే” అన్న మాటను గుర్తుంచుకోండి. నేను మరిచింది దాన్నే.

1989 వానాకాలం. నేను విస్తరణాధికారిని. ముప్పై ఒకటేళ్ల వయసు, చేతిలో లూనా బండి, బుర్ర నిండా శిక్షణలో విన్న పాఠాలు. పైనుంచి నాచు పాకెట్లు వచ్చాయి. మంజీర ఒడ్డు గ్రామంలో ఒక పెద్ద రైతు దగ్గరికి పోయాను. పెద్ద రైతంటే వయసులో పెద్ద, భూమి మాత్రం రెండెకరాలే. ఆయన పాకెట్ విప్పి వాసన చూసి, “సారూ, పాకురు మా మడిల ఊరికెనే ఉంటది. దీనికి పైసలియ్యాల్నా?” అన్నాడు. పైసలు వద్దు పటేలా, ప్రదర్శన క్షేత్రం కింద ఉచితం అన్నాను. అంతటితో ఆగితే సరిపోయేది. “ఎకరానికి రెండు బస్తాల యూరియా వేస్తున్నావు, ఒక బస్తా మానెయ్, ఈ నాచే చూసుకుంటది” అని కూడా అన్నాను.

ఇప్పుడు లెక్క చూడండి. అప్పటి యూరియా బస్తా 50 కిలోలు. అందులో నత్రజని 23 కిలోలు. నాచు అంతా బాగుంటే ఎకరానికి ఇచ్చేది ఎనిమిది నుంచి పన్నెండు కిలోలు. అంటే అది భర్తీ చేయగలిగింది అర బస్తా. నేను మాన్పించింది బస్తా. ఐదో తరగతి పిల్లవాడు చేసే లెక్కను నేను చెయ్యలేదు. అంతేగాక ఆ పాకెట్లు వానలకు కారే రేకుల షెడ్డులో, పురుగుమందు డబ్బాల పక్కన, చెమ్మ తగిలి పడి ఉన్నవి. చల్లే ముందు ఒక చిటికెడు నీళ్లలో వేసి మొలకెత్తుతుందో లేదో చూసుకోవలసింది. అదీ చూడలేదు. నాచును నత్తలూ, నీటి పురుగులూ తినేస్తాయని, దానికి భాస్వరం లేకుంటే నడవదని, యూరియా దండిగా దొరికిన చోట అది తనంతట తానే పని తగ్గిస్తుందని తరువాత తీరికగా చదువుకున్నాను.

పిలకల దశకు వచ్చేసరికి ఆయన మడి పసుపు తిరిగింది. పక్క మడి నల్లగా నిగనిగలాడుతోంది. హడావుడిగా యూరియా వేయించాను, అప్పటికే ఆలస్యమైంది. కోతల్లో పక్కవారికి ఎకరానికి ఇరవై నాలుగు బస్తాలు, ఆయనకు పదహారు. ఆయన నన్ను తిట్టలేదు. గట్టు మీద కూచుని చుట్ట ముట్టించి, “సారూ, మీకు నెలనెలా జీతమొస్తది. మాకు ఏడాదికి ఒక్కపారే వస్తది” అన్నాడు. అంతే. నేను ఆ సాయంత్రం డైరీలో “ప్రదర్శన క్షేత్రం - ఫలితం సంతృప్తికరం” అని రాశాను. మరుసటి ఏడు బదిలీ అయి పోయాను. నాకు ఇప్పటికీ నెల మొదట్లో పెన్షన్ పడుతూనే ఉంది.

నాచు చెడ్డదని కాదు నేను చెప్పేది. నాచు చేయగలిగింది ఎంతో, దాని పేరు చెప్పి మనం ఆశ పెట్టేది ఎంతో, ఆ రెండింటి మధ్య తేడా రైతు మడిలో తేలుతుంది. ఈ తేడా సముద్రపు నాచులో ఇంకా బాగా తెలుస్తుంది. ఆ సంగతి చెప్పడానికి నా పళ్లసెట్టు దగ్గర మొదలుపెట్టాలి.

నిరుడు సెట్టు కట్టించుకునేటప్పుడు డాక్టరమ్మ అచ్చు తీయడానికి నోట్లో ఒక ముద్ద పెట్టారు. రెండు మూడు నిమిషాల్లో రబ్బరులా గట్టిపడింది. ఏమిటమ్మా ఇది అంటే ఆల్జినేట్ అన్నారు. అది గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసేదే. కడుపు మంటకు తాగే కొన్ని తెల్ల మందుల్లో అదే ఉంటుంది, బట్టల అద్దకంలో రంగు పాకిపోకుండా చిక్కపరచేదీ అదే. ఎర్ర నాచు నుంచి తీసే కారాజీనన్ ఐస్‌క్రీములోనూ, పేస్టులోనూ ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందని మనల్ని కల్చర్ పరీక్షకు పంపిస్తారు గదా, అక్కడ క్రిములను పెంచే గాజు పళ్లెంలోని జెల్లీ కూడా ఎర్ర నాచుదే, అగార్ అంటారు. జర్మనీలో కోక్ మహాశయుని ప్రయోగశాలలో జిలాటిన్ వేడికి కరిగిపోతూ ఉంటే, అక్కడి ఒక డాక్టరు గారి భార్య ఫానీ హెస్సె 1881లో తన వంటింట్లో జెల్లీలకు వాడే అగార్ వేసి చూడమన్నారు. క్షయ క్రిమిని కనుగొన్న రోజుల మాట అది. ఇంటావిడ మాట వినాలనడానికి ఇంతకన్నా సాక్ష్యం నా దగ్గర లేదు. గొంతువాపు రాకుండా మనం తినే ఉప్పులో కలిపే అయోడిన్ కూడా మొదట 1811లో ఫ్రాన్సులో కూర్త్వా అనే ఆయనకు సముద్రపు నాచు బూడిదలోనే దొరికింది.

మనకు సముద్రం లేదు. తమిళనాడులో రామనాథపురం తీరాన మండపం దగ్గర మహిళా సంఘాల వారు వెదురు తెప్పలకు కప్పాఫైకస్ అనే నాచు కట్టి పెంచుతున్నారు. సుమారు నలభై ఐదు రోజులకు కోత. పిండిన రసం పైరు మీద చల్లే మందవుతుంది, మిగిలిన పిప్పి కారాజీనన్‌కు పోతుంది. భావనగర్‌లోని కేంద్ర సంస్థ శాస్త్రజ్ఞులు చేసిన పని ఇది. మన ఎరువుల దుకాణాల్లో ఇఫ్కో వారి సాగరిక పేరుతో అమ్మేది ఆ రకం రసంతో చేసినదే. అది పైరును చురుకుపరుస్తుందే గాని యూరియాకు బదులు కాదు. దుకాణంలో ఎవరైనా బదులే అని చెబితే, నా రెండెకరాల పటేల్‌ను గుర్తు చేసుకోండి. పైగా ఆ నాచు మన దేశపు మొక్క కాదు. మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర పగడపు దిబ్బల మీదికి పాకిందని 2008లో శాస్త్రజ్ఞులు రాశారు.

స్పైరులినా మాత్రల సంగతి కూడా చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు. మన ఇళ్లకు ఏజెంట్లు వస్తున్నారు, షుగరు పోతుందంటారు, మోకాళ్లు బాగవుతాయంటారు. ఆఫ్రికాలో చాద్ సరస్సు దగ్గర ఆడవాళ్లు ఆ నాచును వడగట్టి, ఎండబెట్టి, పులుసులో వేసుకుంటారు. అది మంచి ఆహారమే. బరువులో సుమారు అరవై శాతం మాంసకృత్తులే. అయితే అరగ్రాము మాత్ర పది మింగితే మూడు గ్రాములు వస్తాయి. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములున్నాయి. బి12 ఉందనేది కూడా మనకు కలిసిరాదు, అందులో ఉన్నది ఎక్కువగా మన ఒంటికి పట్టని రకం. కొనేవారు కొనండి, షుగరు మాత్ర మాత్రం మానకండి.

మళ్లీ మంజీర ఒడ్డుకు వస్తాను. 2025 వానాకాలంలో తెలంగాణ అంతటా యూరియా కోసం రైతులు బారులు తీరారు. 45 కిలోల బస్తా ధర రూ. 266.50, ధర తక్కువే గాని బస్తా ఉంటే గదా. ఆ రోజుల్లో నేను ఆ ఊరికి పోయాను. పటేల్ లేడు, పోయి చాలా ఏళ్లయింది. కొడుకుకే అరవై దగ్గరపడింది. జరిగింది చెప్పాను, లెక్క తప్పు నాదే అన్నాను. “మా నాయిన ఎన్నడు చెప్పలే సార్” అన్నాడు. కాసేపు ఊరుకుని, “గిప్పుడు ఆ పాకురు చేసుకోవచ్చా?” అని అడిగాడు.

చేసుకోవచ్చు. ఈసారి పాకెట్ కొనడం లేదు. విశ్వవిద్యాలయం వారి దగ్గర విత్తన నాచు మాత్రం తెచ్చి, ఆయన మడి మట్టితోనే మా ఇంటి వెనుక తొట్టిలో పెంచుతాను. దోమ తెర కప్పుతాను. మలేరియా విభాగంలో పనిచేసిన మిత్రులు ముందే కన్నెర్ర చేశారు. వానాకాలంలో ఆయన మడిలో రెండు గుంటల్లోనే చల్లుతాం. యూరియా పావు వంతు మాత్రమే తగ్గిస్తాం, అదీ ఆకు రంగు పట్టీ పెట్టి వారం వారం చూస్తూ. ఆ రెండు గుంటల్లో ధాన్యం తగ్గితే ఆ తరుగు నేనిస్తానని చెప్పాను. ఆయన నవ్వాడు గాని వద్దనలేదు. ఈసారి డైరీ ఆయన దగ్గరే ఉంటుంది, రాసేదీ ఆయనే.

ఊళ్లలో భూమి ఉన్న మన సభ్యులెవరైనా చూడదలచుకుంటే మార్చి రెండో వారంలో రండి. ఉదయం తొమ్మిది లోపు రావాలి, తరువాత పెరట్లో నిలబడలేం. వచ్చేటప్పుడు మీ మడి మట్టి ఒక కిలో సంచిలో తెచ్చుకోండి. రెండో తొట్టి ఖాళీగానే ఉంది.