ఇల్లు అమ్మేముందు ఇంట్లో కూర్చుని మాట్లాడవలసిన మాటలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యను గురించి మాట్లాడుమని కార్యదర్శి గారు మమ్ములను కోరినారు. విద్యను గురించి మేము ప్రతి ఏడూ మాట్లాడుతూనే ఉన్నాము, మీరు వింటూనే ఉన్నారు, చప్పట్లు కొట్టి ఇంటికి పోతున్నారు. ఈసారి ఆ ఇంటిని గురించే మాట్లాడుదామని వచ్చినాము. కరీంనగరులో కాశ్మీర్‌గడ్డ, హుస్సేనీపుర, ముకరంపుర వైపు గాని, ఆదిలాబాదులో భుక్తాపూర్ వైపు గాని ఒక్కసారి నడిచి చూడండి. తాతలు కట్టిన గూన పెంకుల ఇండ్లు ఒకటొకటిగా అమ్ముడుపోతున్నవి. కొడుకులు దుబాయిలోనో జిద్దాలోనో ఉన్నారు. బిడ్డలు అత్తగారిండ్లలో ఉన్నారు. వానకు కారే కప్పు కింద ముసలి తల్లి ఒక్కతే ఉన్నది. అమ్మకూడదని మేము చెప్పబోము. అవసరం పడితే అమ్మవలసిందే. అయితే ఎట్లా అమ్ముతున్నాము అన్నదే ప్రశ్న.

సాధారణముగా జరిగేది ఇది. హోటల్లో చాయ్ తాగుతూ ఒక మాట పడుతుంది. సాయంత్రానికి దలాలు గుమ్మం ముందు ఉంటాడు. మర్నాడు కొనేవానిని తెస్తాడు, మూడో నాడు బయానా చేతిలో పెడతాడు. అప్పుడు గాని మనకు కాగితాలు గుర్తు రావు. ఇనుపపెట్టె తీసి చూస్తే అందులో ఉర్దూ కాగితాలు. చదివేవారు ఇంట్లో ఎవ్వరూ లేరు! అప్పుడు మా వంటి ఉర్దూ పంతుళ్ళను వెతుక్కుంటూ వస్తారు. ఈ పని మీద మా దగ్గరకు వచ్చేవారు ఏడాదికేడాది పెరుగుతున్నారు. కనుక చూసిన సంగతులు నాలుగు చెప్పుటకు మాకు కొంత హక్కు ఉన్నదనుకుంటాము.

ముందు ఆ కాగితాల సంగతి. నిజాం కాలములో, అనగా 1948 వరకు, మన జిల్లాలలో సర్కారు భాష ఉర్దూ. బైనామా ఉర్దూలోనే ఉంటుంది, తేదీ ఫసలీలో ఉంటుంది. హైదరాబాదు ఫసలీ సంవత్సరము ఆజూర్ నెలతో, అనగా అక్టోబరు మొదటి వారములో మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరము వస్తుంది, జనవరి నుండి వచ్చే నెలలకైతే 591 కలపవలెను. 1352 ఫసలీ, తీర్ నెల అని ఉంటే అది 1943 మే ప్రాంతము. అదే 1352ను హిజ్రీ అనుకుని లెక్క వేస్తే 1933 వస్తుంది. పదేండ్ల తేడా! ఆ పదేండ్లలో ఇల్లు తాత పేరున ఉన్నదా, ఆయన అన్న పేరున ఉన్నదా అన్నదే మారిపోవచ్చు. ఇక హద్దులు. మష్రిఖ్ తూర్పు, మగ్రిబ్ పడమర, షుమాల్ ఉత్తరం, జునూబ్ దక్షిణం. మగ్రిబు నమాజు పొద్దు గూకే వేళదని పిల్లలకు కూడా తెలుసు గదా, అట్లా గుర్తు పెట్టుకుంటే తూర్పు పడమరలు తారుమారు కావు. పాత కాగితములో పడమర బాట అని ఉండి, కొత్త అగ్రిమెంటులో తూర్పు బాట అని దిగితే ఆ చిక్కు కొన్నవాని మనుమలదాకా పోతుంది. విస్తీర్ణము గజాలలో ఉన్నదా, గుంటలలో ఉన్నదా అదీ చూడవలెను. గుంటకు 121 గజాలు. తరువాత ఈసీ తీయించండి. 1983 తరువాతి లావాదేవీలు కంప్యూటరులో దొరుకుతాయి, అంతకు ముందువి రిజిస్ట్రారు ఆఫీసు పుస్తకాలలో వెతికించవలసిందే. ఇల్లు ఉన్న సర్వే నంబరు రిజిస్ట్రేషను చట్టము 22ఏ కింది నిషేధ జాబితాలో ఉన్నదేమో కూడా చూడండి. వక్ఫు భూమి అని అందులో ఉంటే దలాలు ఎన్ని తియ్యని మాటలు చెప్పినా రిజిస్ట్రేషను కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. కొందరికి ఇది చేదుగా ఉండవచ్చును, క్షమించండి.

ఇల్లు ఎవరిది? "మా నాయనది, ఆయన పోయినాడు, ఇప్పుడు మాది" అంటారు అన్నదమ్ములు. ఆ 'మా' అన్న మాటలో ఎంతమంది ఉన్నారు? మన చట్టములో తండ్రి కన్ను మూసిన క్షణముననే వారసులందరికీ ఎవరి వాటా వారికి పడిపోతుంది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ ఉన్నారనుకుందాము. అప్పులు, వసియ్యతు తీరిన తరువాత ఇంటిని 40 భాగాలు చేయండి. భార్యకు ఎనిమిదో వంతు, అనగా 5 భాగాలు. మిగిలిన 35లో కొడుకు ఒక్కొక్కరికి 14, బిడ్డకు 7. ఇల్లు 40 లక్షలకు పోతే బిడ్డవి 7 లక్షలు, తల్లివి 5 లక్షలు. ఈ లెక్క మా బడిలో ఏడో తరగతి పిల్లవాడు కూడా చేస్తాడు. చేయలేనిది ఇంట్లోని పెద్దలే!

"ఆపా పెండ్లికి ఖర్చు పెట్టినాము గదా, జహేజు ఇచ్చినాము గదా" అన్న మాట మేము విన్నంత తరచుగా మరే మాటా వినలేదు. పెండ్లి ఖర్చు వేరు, వాటా వేరు. తండ్రి బ్రతికి ఉండగా "నాకేమీ వద్దు" అని బిడ్డ చేత రాయించుకున్న కాగితము ఆమె వాటాను తీసివేయదు, అప్పటికి ఆ వాటాయే పుట్టలేదు కనుక. తండ్రి పోయిన తరువాత ఆమె తన ఇష్టముతో వదులుకోదలిస్తే రిజిస్టరు దస్తావేజు ద్వారా వదులుకొనవచ్చును. ఇష్టము అంటే ఇష్టమే. రిజిస్ట్రేషను నాడు పొద్దున ఆటో పంపించి "సంతకం పెట్టి పో, చెల్లే" అనుట ఇష్టము కాదు. దలాలులకు ఇవన్నీ బాగా తెలుసు. అక్కచెల్లెండ్ల సంతకాలు లేని ఇంటిని తక్కువ ధరకు పట్టి, తరువాత వారిని విడివిడిగా కలిసి, కొద్దో గొప్పో ఇచ్చి సంతకాలు తెచ్చుకుని, మొత్తము ధరకు అమ్ముకున్న వ్యవహారాలు మేము ఎరుగుదుము. అన్నదమ్ములు తినలేదు, అక్కచెల్లెండ్లు తినలేదు. మధ్యవాడు తిన్నాడు.

చిన్న పిల్లలు వారసులుగా ఉన్నప్పుడు ఇంకా జాగ్రత్త కావలెను. తల్లి పిల్లలను సాకుతుంది, అందరికన్న ఎక్కువ ఆమెయే సాకుతుంది. అయినా చట్టరీత్యా వారి ఆస్తికి ఆమె సంరక్షకురాలు కాదు. పినతండ్రి కాదు, అన్న కూడా కాదు. తండ్రి, తాత లేనప్పుడు, వారు వీలునామాలో నియమించిన వారు కూడా లేనప్పుడు, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము కింద కోర్టు అనుమతి తీసుకొనవలెను. అది లేకుండా మైనరు వాటా అమ్మితే ఆ అమ్మకము నిలువదు.

ఒక మాట హిబా గురించి. తండ్రి నోటిమాటతో ఒకరికి ఇల్లు హిబా చేయవచ్చు. ఇస్తున్నాను అనుట, తీసుకున్నాను అనుట, స్వాధీనము చేయుట, ఈ మూడూ జరిగితే హిబా చెల్లుతుందనీ, దానిని కాగితం మీద రాసుకున్నా రిజిస్టరు కాలేదన్న కారణముతో అది చెడదనీ సుప్రీంకోర్టు 2011లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుండి పోయిన కేసులోనే చెప్పింది. బాగున్నది. కాని కొనేవాడు కాగితం అడుగుతాడు, బ్యాంకు వాడు అడుగుతాడు. సాక్షులు ఒకరొకరుగా ఖబ్రస్తాను చేరిన తరువాత రుజువు చేసేది ఎవరు? చేసేవారు బ్రతికి ఉండగానే రిజిస్టరు చేయించుకొనుట మేలు.

దలాలు విషయానికి వస్తాము. దలాలీ తప్పుడు పని అని మేము అనము. కష్టపడి కొనేవానిని తెచ్చినవాడు కూలి తీసుకుంటాడు, అది హలాలే. మన వైపు వాడుకలో నూటికి ఒకటో రెండో నడుస్తుంది. అది ముందే చెప్పుకుని ఒక చీటీ మీద రాసుకోండి. వేరే ఒప్పందము లేకపోతే పని పూర్తి అయ్యేదాకా ఏజెంటుకు డబ్బు ఇవ్వవలసిన పని లేదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పుచున్నది. బయానా నాడే సగం కమీషను అడిగితే ఆ చట్టము పేరు ఒకసారి చెప్పి చూడండి, గొంతు తగ్గుతుంది.

ఎక్కువ నష్టము జరిగేది 'నెట్ రేటు'లో. "మీకు 30 లక్షలు వస్తే చాలు గదా, పైన వచ్చింది నాది" అంటాడు. మనము తలూపుతాము. అగ్రిమెంటు తన పేరునో, తన బావమరిది పేరునో చేయించుకుంటాడు. మూడు నెలల గడువు పెట్టి, ఈ లోపల 38కి మరొకరికి అమ్మి, రిజిస్ట్రేషను మన చేత వారికి నేరుగా చేయిస్తాడు. కొనేవాడు దొరకకపోతే గడువు దాటుతుంది, ఇల్లు చిక్కుపడి ఉంటుంది. మన తరఫున పని చేసేవాడు మనకు తెలియనీయకుండా తన సొంతానికి బేరము ఆడితే ఆ లాభము మనము అడుగవచ్చునని అదే కాంట్రాక్టు చట్టములో ఉన్నది. కాని నెట్ రేటుకు మనమే ఒప్పుకున్న తరువాత అడిగే నోరేది? కనుక ధర మనము చెప్పవలెను, కమీషను వేరుగా చెప్పవలెను, కొనేవానితో మనము ఎదురుగా కూర్చుని మాట్లాడవలెను. "రెరా ఉన్నది గదా" అంటారు చదువుకున్న పిల్లలు. 2016 నాటి ఆ చట్టము కింద ఏజెంట్లు పేరు నమోదు చేసుకోవలసింది రిజిస్టరయిన కొత్త వెంచర్లు, అపార్టుమెంట్లు అమ్మేటప్పుడు. మన పాత పెంకుటింటి దలాలుకు అది తగలదు.

ఆదిలాబాదు వైపు సోదరులకు ప్రత్యేకముగా ఒక మాట. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు వంటి ఏజెన్సీ ప్రాంతాలలో 1959 నాటి 1వ నంబరు రెగ్యులేషను, దాని 1970 సవరణ అమలులో ఉన్నవి. అక్కడ స్థిరాస్తిని గిరిజనేతరులకు అమ్ముట చెల్లదు, అమ్మేది గిరిజనేతరుడైనా సరే. గిరిజనుల భూమి గిరిజనుల చేతిలో ఉండవలెనని చేసిన చట్టమది, న్యాయమైన చట్టము. "నోటరీ చేయిస్తాను, ఏమీ కాదు" అనే దలాలును నమ్మి జీవితకాలపు గల్ఫు సంపాదన అక్కడ పోసినవారు ఉన్నారు. నోటరీ ముద్ర రిజిస్ట్రేషను కాదు, ఏజెన్సీలోనూ కాదు, కరీంనగరులోనూ కాదు.

గల్ఫులో ఉన్న కొడుకులు ముఖ్తార్‌నామా పంపుతారు. దానిని అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరింపజేసి, ఇక్కడికి చేరిన మూడు నెలలలో స్టాంపు వేయించవలెను. ముఖ్తారు ఎవరన్నది ముఖ్యము. తల్లికో తమ్మునికో ఇవ్వండి, దలాలుకు మాత్రం వద్దు. ఒక్క జీపీఏ మీదనే ఇల్లు చేతులు మారినట్లు కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో తేల్చి చెప్పింది.

డబ్బు చెక్కుగానో బ్యాంకు ద్వారానో తీసుకోండి. 2015 జూన్ నుండి ఇంటి బయానా అయినా సరే 20,000 గాని అంతకు మించి గాని నగదుగా పుచ్చుకుంటే అంతకు అంత జరిమానా పడవచ్చును. 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాడు నూటికి ఒకటి పన్ను పట్టుకుని ఇస్తాడు, భయపడనక్కరలేదు. తాతల నాటి ఇంటికి లాభము లెక్క కట్టేటప్పుడు 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఆధారముగా తీసుకోవచ్చు, కనుక పన్ను చాలామంది అనుకున్నంత పడదు. ఆడిటరును ఒకసారి అడగండి.

రిజిస్ట్రేషను అయినాక అసలు కాగితాలు కొన్నవారికి ఇవ్వవలసిందే. ఇచ్చేముందు రెండు జిరాక్సులు తీసి పెట్టుకోండి. తాతముత్తాతల పేర్లు, వారి సంతకాలు మీ ఇంట్లో మరెక్కడా ఉండకపోవచ్చు. చదవడం రాకపోతే ఆదివారాలు జొహర్ నమాజు తరువాత సంఘం ఆఫీసుకు తీసుకురండి. మేము, మాతోటి మరి ఇద్దరు ఉపాధ్యాయులు కూర్చుని చదివి తెలుగులో రాసి ఇస్తాము. రుసుము ఏమీ లేదు. బయానా తీసుకోకముందే వస్తే మరీ సంతోషము.