వడి వేరు, వేగం వేరు
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, పింఛను బకాయిల గురించి ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి ఏదైనా విజ్ఞాన విషయం చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను శాస్త్రం బోధించినవాణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా ఫైళ్లు రాసినవాణ్ణి. అయినా నేను చేసిన ఒక తప్పు నాకు నేర్పిన పాఠం మీ ముందుంచుతాను.

వాడుకలో వడి అన్నా వేగం అన్నా ఒకటే. భౌతికశాస్త్రంలో మాత్రం రెండూ వేరు. ఎంత త్వరగా కదులుతున్నదో చెప్పేది వడి. దానికి దిక్కు కూడా చేరిస్తే అది వేగం. బస్సు డ్రైవరు ముందున్న మీటరు చూపేది వడి మాత్రమే. బస్సు గుంటూరు నుంచి ఒంగోలు పోతున్నదా, ఒంగోలు నుంచి గుంటూరు వస్తున్నదా అన్నది అది చెప్పదు.

మనలో చాలామందిమి పొద్దున్నే మైదానం చుట్టూ నడుస్తాం. 400 మీటర్ల చుట్టు 6 నిమిషాల్లో పూర్తి చేస్తే సగటు వడి గంటకు 4 కిలోమీటర్లు. కాని బయలుదేరిన చోటికే వచ్చాం గనుక స్థానభ్రంశం సున్న, సగటు వేగమూ సున్నే! డాక్టరుగారికి మాత్రం వడి లెక్క చాలు.

ఇక అసలు సంగతి. 1990 మే తుఫాను సమయంలో నేను తీరప్రాంతపు మండల కార్యాలయంలో ఫోను దగ్గర డ్యూటీలో ఉన్నాను. గాలి గంటకు ఎన్ని కిలోమీటర్లో శ్రద్ధగా రాసుకుని అధికారిగారికి చూపించాను. "అంకె సరేనయ్యా, తుఫాను ఎటు పోతోంది?" అన్నారాయన. నేనది రాసుకోలేదు. మళ్లీ ట్రంకు కాల్ కలిసేసరికి గంట దాటింది. ఏ ఊరివాళ్లను ముందు తరలించాలో తెలియక అంతసేపూ జీపులు నిలిచిపోయాయి. అదృష్టవశాత్తు మా మండలంలో ప్రాణనష్టం జరగలేదు. కాని ఆ గంటను నేను మరువలేదు.

దిక్కు అంత ముఖ్యం ఎందుకంటారా? బంగాళాఖాతం తుఫానులో గాలులు కేంద్రం చుట్టూ గడియారపు ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. అది తీరం దాటేటప్పుడు, పోయే దారికి కుడివైపున గాలి సముద్రం మీదినుంచి నేలపైకి, ఎడమవైపున నేలమీదినుంచి సముద్రంపైకి వీస్తుంది. తిరిగే గాలి వడి 100, తుఫాను కదిలే వడి 15 అనుకుందాం. కుడివైపున రెండూ ఒకే దిక్కు, కలిపితే 115. ఎడమవైపున ఎదురెదురు, మిగిలేది 85. అంతేకాదు, కుడివైపు గాలి ఉప్పెనను ఊళ్లమీదికి నెడుతుంది, ఎడమవైపు గాలి నీటిని వెనక్కి తోస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఆ కుడివైపునే పడింది. దాదాపు పదివేలమంది ప్రాణాలు పోయాయి.

అలాగని ఎడమవైపువారు నిశ్చింతగా ఉండరాదు. గాలీ వానా ఎవరినీ వదలవు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను 90–100 కిలోమీటర్ల గాలులతో బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన పత్తి, మిరప చేలు నీళ్లలో నానాయి కదా!

కనుక మిత్రులారా, ఇకమీద హెచ్చరిక వినగానే "ఎంత?" అని అడిగి ఊరుకోకండి. "ఎటు?" అని కూడా అడగండి. మన ఊరు దాని దారికి ఏ పక్కన ఉందో చూసుకోండి. పిల్లలకూ చెప్పండి.